ఖాళీ వేరు, సున్నా వేరు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ రోజును పురస్కరించుకొని మనం ఏటా ఇలా కలుసుకుంటున్నాం. ఏటా కరువు భత్యం గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు గణాంక శాఖలో చేశారు గదండీ, ఇప్పుడు పిల్లలంతా డేటా అనాలిసిస్ కోర్సులంటున్నారు, వాటి గురించి నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. నేనేమీ ప్రొఫెసర్ని కాను. జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా దిగినవాణ్ణి. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే మన గ్రాట్యుటీలు, కమ్యుటేషన్ డబ్బులు చాలావరకు ఈ కోర్సుల ఫీజుల్లోకే పోతున్నాయి. కాబట్టి ఇది మన సంఘం విషయమే.

నా సర్వీసులో నాకు మూడు శిక్షణలు దొరికాయి. ముందు ఆ మూడింటి సంగతి చెబుతాను.

మొదటిది నేను చేరిన కొత్తలో, 1974లో. అప్పట్లో మా సెక్షన్లో కంప్యూటరు మాట అటుంచండి, ఫాసిట్ అనే చేతితో తిప్పే లెక్కల యంత్రం ఒకటి ఉండేది. నలుగురం దానికోసం వంతులేసుకొనేవాళ్ళం. వరి దిగుబడి అంచనాల కూడికలు నా సీటులో ఉండేవి. మా ఆఫీసరుగారు ఒకరోజు, "కూడికలు వేసేవాడు అంకె పుట్టే చోటు ఒక్కసారైనా చూడాలయ్యా" అని గుమాస్తాలందరినీ జీపులో పొలానికి తీసుకుపోయారు. అక్కడ పంటకోత ప్రయోగం చూశాను. ఏ సర్వే నంబరులో, పొలంలో ఏ మూలనుంచి ఎన్ని అడుగులు వేసి కొలవాలో మన ఇష్టం కాదు. యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చూసి నిర్ణయిస్తారు. బాగా పండినచోట కొలుద్దామని రైతు అంటాడు, నీడకి దగ్గర్లో కొలుద్దామని ఉద్యోగి అంటాడు. ఇద్దరి మాటా చెల్లకూడదనే ఆ ఏర్పాటు. అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు తాడుతో కొలిచి, నాలుగు మేకులు కొట్టి, ఆ చతురస్రంలోని వరి కోసి, నూర్చి, తూర్పారబట్టి తూస్తారు. అది 25 చదరపు మీటర్లు. హెక్టారుకు పది వేల చదరపు మీటర్లు కనుక వచ్చిన తూకాన్ని 400తో హెచ్చవేస్తే హెక్టారు దిగుబడి. అంటే అక్కడ ఒక కిలో తేడా వస్తే కాగితం మీద 400 కిలోల తేడా! ఆ ఎండలో నిలబడి అది విన్నాక నా సీటు మీద నాకు భయం, గౌరవం రెండూ కలిగాయి.

రెండో శిక్షణ 1990లో. డీబేస్ అనే ప్రోగ్రాం. రెండు వారాలు. చల్లటి గది, చెప్పులు బయట విప్పాలి, కంప్యూటరుకు గుడ్డ కప్పి ఉండేది. నలభై ఏళ్ళ వయసులో కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కుంటూ, పక్కన కూర్చున్న పాతికేళ్ళ కుర్రాడు నవ్వుతాడేమోనని తలెత్తకుండా నేర్చుకున్నాను. మూడోది 1990 దశకం చివరలో, ఎక్సెల్. అది మూడు రోజులు. ఏ మీట నొక్కితే మొత్తం వస్తుందో, ఏది నొక్కితే సగటు వస్తుందో చక్కగా చెప్పారు. చెప్పినాయన మంచివాడే, తప్పు పట్టను. కానీ ఒక్క విషయం ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. అది తరువాత నా మెడకు చుట్టుకుంది.

ఆ మాట చెప్పడానికే ఇక్కడికి వచ్చాను. కొంచెం ఓపిగ్గా వినండి.

అది తుఫాను వచ్చిన ఏడాది. ఆ రోజుల్లో పంటల బీమాకు మండలం ఒక యూనిట్టు. మండలంలో జరిగిన పంటకోత ప్రయోగాల సగటు, ముందే నిర్ణయించిన హామీ దిగుబడి కంటే తగ్గితే, ఎంత శాతం తగ్గిందో అంత శాతం బీమా మొత్తం ఆ మండలంలో బీమా ఉన్న రైతులందరికీ వస్తుంది. తగ్గకపోతే ఎవరికీ రాదు. ఒక మండలం లెక్క గుండ్రటి అంకెల్లో చెబుతాను. పది ప్రయోగాలు. ఎనిమిది పొలాల్లో కలిపి 72 కిలోలు. రెండు పొలాలు నీట మునిగి గింజ కూడా దక్కలేదు. పది పొలాలకు సగటు 7.2 కిలోలు, 400తో హెచ్చవేస్తే 2,880. హామీ దిగుబడి 3,200 అనుకోండి. 320 తగ్గింది, అంటే పది శాతం. పది వేలకు బీమా చేసిన రైతుకు వెయ్యి రూపాయలు రావాలి.

నేను ఎక్సెల్‌లో వేసిన లెక్క ప్రకారం సగటు 9 కిలోలు వచ్చింది. హెక్టారుకు 3,600. ఒక్క పైసా రాదు.

జరిగిందేమిటంటే, అంకెలు ఎక్కించిన అబ్బాయి మునిగిన రెండు పొలాల దగ్గర ఏమీ రాయకుండా గడి ఖాళీగా వదిలేశాడు. "పంట లేదు గదా సార్, ఏం రాయను?" అన్నాడు తరువాత. ఎక్సెల్‌లో సగటు కట్టమంటే ఖాళీ గడిని లెక్కలోకి తీసుకోదు. 72ను పదితో కాక ఎనిమిదితో భాగించింది. నేను అంతకుముందు నేర్చుకున్న డీబేస్‌లో ఖాళీ వదిలితే సున్నాగానే లెక్కకు వచ్చేది. నాకు ఆ అలవాటు. యంత్రం మారితే ఖాళీకి అర్థం కూడా మారుతుందని నాకు ఎవరు చెప్పారు? ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. కంప్యూటరు సరిగ్గా అలాంటిదే. దానికి ఎద్దూ తెలియదు, ఆవూ తెలియదు. కట్టెయ్యమంటే కట్టేస్తుంది.

ప్రింటు నీటుగా వచ్చింది. గీతలు కూడా కొట్టి ఉన్నాయి. నేను కింద పొడి సంతకం పెట్టాను. సాయంత్రం టపాలో పోవాల్సిన ఫైలది. మధ్యాహ్నం వేరే పనిమీద ఆ మండలంలో పనిచేసే గణాంక ఉద్యోగి వచ్చి, నా బల్లమీద కాగితం చూసి, "ఏమండీ గురువుగారూ, మా మండలంలో మోకాలిలోతు నీళ్ళలో నిలబడి నేను ఫారాలు నింపాను. ఈ దిగుబడి ఎక్కడిదండీ?" అన్నాడు. పొలంలో నింపిన ఫారాలు తీశాం. రెండింటిమీదా ఎర్ర సిరాతో "పంట పూర్తిగా నష్టం, తూకం సున్నా" అని రాసి ఉంది. సిరా తడికి కొంచెం అలుక్కుపోయింది కూడా.

సరిదిద్దాం. ఫైలు మర్నాడు పోయింది. ఎవరికీ మెమో రాలేదు, ఎవరికీ తెలియలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అతను ఆ రోజు రాకపోతే? ఆ రైతుల్లో ఒక్కడు కూడా వచ్చి నన్ను అడిగేవాడు కాదు. తన వెయ్యి రూపాయలు ఒక ఖాళీ గడిలో పోయాయని అతనికి తెలిసే దారే లేదు. మనం చేసే తప్పులు మనకు కనబడవు, అనుభవించేవాడికి అర్థం కావు. గుమాస్తా తప్పుకున్న లక్షణం అది.

ఇక రెండో ముచ్చట. ఇది ఇంటి సంగతి, చెప్పుకోవడానికి కాస్త మొహమాటంగా ఉంది.

నేను 2008లో రిటైరయ్యాను. మా చిన్నవాడు అప్పటికి బి.ఎస్‌సి. పూర్తి చేసి ఉన్నాడు. హైదరాబాదు అమీర్‌పేటలో ఎస్.ఏ.ఎస్. కోర్సు చేస్తే మందుల కంపెనీల ప్రయోగాల లెక్కలు చూసే ఉద్యోగాలు వస్తాయన్నాడు. అది వట్టి మాట కాదు. ఎస్.ఏ.ఎస్. అనేది అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో వ్యవసాయ గణాంకాల కోసం మొదలై, 1976లో కంపెనీగా ఏర్పడింది. తరువాత మందుల ప్రయోగాల లెక్కలకు ప్రపంచమంతా దాన్ని వాడారు. మొదలైంది మా పంటల లెక్కల్లాంటి వాటితోనే అని తెలిసి నాకు ముచ్చటేసింది. ఫీజు నలభై వేలు, మూడు నెలలు, "నూరు శాతం ఉద్యోగ హామీ" అని బోర్డు. గ్రాట్యుటీలోంచి తీసి ఒకేసారి కట్టాను. రసీదు ఇచ్చారు. హామీ మాత్రం బోర్డు మీద ఉందిగాని రసీదు మీద లేదు. జీవితమంతా రసీదులు చూసినవాణ్ణి, అది చూసుకోలేదు.

ఆ ఏడాది చివరికి అమెరికాలో మాంద్యం ముదిరింది. ఉద్యోగాలు ఆగిపోయాయి. కొన్నాళ్ళకు ఆ ఇన్‌స్టిట్యూట్ బోర్డూ లేదు, హామీ ఇచ్చినవాళ్ళూ లేరు. పేరు చెప్పను, చెప్పి లాభం లేదు. అక్కడంతా అలాంటివేనని కూడా అనను. అక్కడ నేర్చుకొని బాగుపడ్డ పిల్లలు వేల సంఖ్యలో ఉన్నారు.

డబ్బు పోయిందని కాదు నా బాధ. మావాడు ఎట్టకేలకు ఒక ఇంటర్వ్యూకి వెళ్ళాడు. అక్కడ ఒకే ప్రశ్న అడిగారట: "18 ఏళ్ళలోపు వయసున్న రోగులను వేరు చెయ్యమని ప్రోగ్రాం రాశావు. మరి వయసు రాయని రోగులు ఎటు పోతారు?" మావాడు నోరు తెరిచాడు. ఎస్.ఏ.ఎస్.లో వయసు గడి ఖాళీగా ఉంటే అది ఏ అంకె కంటే అయినా చిన్నదిగా లెక్క. కాబట్టి వయసు తెలియని డెబ్బై ఏళ్ళ ముసలాయన కూడా చిన్నపిల్లల్లో చేరిపోతాడు! జిరాక్సు నోట్సులో వందల ప్రోగ్రాములున్నాయి, ఈ ఒక్క మాట లేదు. వాడు ఇంటికొచ్చి ఆ ప్రశ్న చెబుతుంటే నాకు ఆ ఎర్ర సిరా కళ్ళముందు కదిలింది. అదే ఖాళీ గడి! పదేళ్ళ క్రితం నన్ను ముంచబోయింది, ఇప్పుడు నా కొడుకు దారికి అడ్డం పడింది. ఆ ఫైలు కథ నేను వాడికి ఎప్పుడూ చెప్పలేదు. తప్పు చేసిన సంగతి కొడుక్కి ఎలా చెబుతాం? ఆ రాత్రి చెప్పాను. చెప్పి ఉండాల్సింది కోర్సుకు ముందు.

వాడు ఏడాదిపాటు ఖాళీగా ఉండి, చివరికి ఆసుపత్రి కాగితాలనుంచి వివరాలు కంప్యూటరులో ఎక్కించే చిన్న పనిలో చేరాడు. కాగితానికీ తెరకూ తేడా ఎక్కడొస్తుందో అక్కడ నేర్చుకున్నాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. నలభై వేల కోర్సు నేర్పనిది నెలకు ఆరు వేల ఉద్యోగం నేర్పింది.

సోదరులారా, నేను శిక్షణలకు వ్యతిరేకిని కాను. మన తెలుగువారికి గర్వకారణమైన సి.ఆర్. రావుగారి సంగతి వినండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చదివి, సైన్యానికి సంబంధించిన సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళారు. ఉద్యోగం రాలేదు. అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ ఇస్తారని తెలిసి, 1941లో అందులో చేరారు. 1931లో మహలనోబిస్‌గారు స్థాపించిన సంస్థ అది. ఉద్యోగం దొరకని కుర్రవాడు శిక్షణ కోర్సులో చేరి, ప్రపంచం మెచ్చిన శాస్త్రవేత్త అయ్యారు. 2023లో, నూట రెండేళ్ళ వయసులో, గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి అందుకొని, ఆ ఏడే ఆగస్టులో కన్నుమూశారు. కాబట్టి కోర్సు చెడ్డది కాదు. ఏం నేర్పుతున్నారన్నదే ప్రశ్న.

ఇప్పుడు మా మనవరాలు, కూతురి కూతురు, గణాంకశాస్త్రం ప్రధానంగా బి.ఎస్‌సి. చదువుతోంది. మొన్న సెలవులకొచ్చి, "తాతయ్యా, డేటా అనాలిసిస్ కోర్సుకు అరవై వేలు" అంది. ఈసారి నేను ఒకేసారి చెక్కు రాయలేదు. "కట్టేముందు ఊరికే దొరికేది ఏముందో చూడమ్మా" అన్నాను. చూస్తే చాలా ఉంది. 'ఆర్' అనే ప్రోగ్రాం ఒకటుంది. న్యూజిలాండులో ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు తయారుచేశారు. ఇద్దరి పేర్లలోనూ మొదటి అక్షరం అదే. అది పూర్తిగా ఉచితం. పైథాన్ కూడా ఉచితమే. కేంద్ర ప్రభుత్వం నడిపే స్వయం అనే ఏర్పాటులో పెద్ద విద్యాసంస్థల ఆచార్యులు చెప్పే పాఠాలు రుసుము లేకుండా వినవచ్చు, సర్టిఫికెట్ పరీక్ష రాస్తేనే ఫీజు.

ఆమె నా పక్కన కూర్చొని ఆ 'ఆర్'లో పది అంకెలు వేసి, రెండు గడులు ఖాళీ పెట్టి, సగటు అడిగింది. నేను ఊపిరి బిగబట్టి చూశాను. అది అంకె చెప్పలేదు. "లభ్యం కాదు" అన్న అర్థం వచ్చే రెండక్షరాలు వేసి ఊరుకుంది. ఖాళీలను వదిలెయ్యమని మనం స్పష్టంగా ఆజ్ఞాపిస్తేనే వదిలేసి సగటు కడుతుందట. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. "ఫైలులో రెండు కాగితాలు లేవండి, ఏం చెయ్యమంటారు?" అని అడిగే నిజాయితీగల గుమాస్తాలా కనిపించింది.

అంతటితో ఆగలేదు. జాతీయ నమూనా సర్వే వాళ్ళ కార్మిక సర్వే వివరాలు ఉచితంగా దించుకొని లెక్క కట్టింది. తన అంకెకు, అచ్చయిన నివేదికలోని అంకెకు పొంతన కుదరలేదు. రెండు రోజులు తల పట్టుకుంది. తరువాత తనే కనుక్కొని నాకు పాఠం చెప్పింది. సర్వేలో ప్రతి కుటుంబానికీ ఒక గుణకం ఉంటుంది. ఆ ఒక్క కుటుంబం తనలాంటి ఎన్ని కుటుంబాల తరపున నిలబడిందో చెప్పే అంకె అది. అది వెయ్యకుండా సగటు కడితే అందరినీ ఒకే గాటన కట్టినట్టే. ముప్ఫై నాలుగేళ్ళు శాఖలో చేసిన నాకు సూత్రం తెలుసుగాని ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు.

చివరకు కోర్సులో చేరిందా అంటే, చేరింది. అరవై వేలది కాదు, వేరేది, వాయిదాల మీద. చేరేముందు ఇద్దరం వెళ్ళి కొన్ని ప్రశ్నలు అడిగాం. మీకూ పనికొస్తాయి, రాసుకోండి.

ఒకటి. పాఠం చెప్పేవారు ఎక్కడైనా నిజమైన అంకెలతో పనిచేశారా? మొదటి రోజు ఉచితంగా చూపించే క్లాసు కాదు, నడుస్తున్న బ్యాచీలో నాలుగో క్లాసో అయిదో క్లాసో కూర్చొని విననివ్వండి అని అడగండి.

రెండు. పిల్లలకు సాధనకు ఇచ్చే అంకెలు ముందే కడిగి శుభ్రం చేసినవా, లేక ఖాళీలు, తప్పులు, ఒకే పేరు రెండుసార్లు ఉన్న అసలు కాగితాలా? శుభ్రం చేసినవే ఇస్తామంటే, ఉద్యోగంలో చెయ్యాల్సిన పనిలో ముఖ్యమైంది నేర్పరన్నమాట.

మూడు. కిందటేడు పూర్తిచేసిన ఇద్దరు పిల్లలతో మాట్లాడనిస్తారా? గోడమీద ఫొటోలు కాదు, మనుషులు.

నాలుగు. ఉద్యోగ హామీ అంటే కాగితం మీద రాసివ్వండి, రాకపోతే ఎంత తిరిగిస్తారో కూడా రాయండి. రాయనంటే ఆ మాట లేనట్టే. ఫీజు వాయిదాలుగా కట్టండి, ఒకేసారి కట్టవద్దు.

అయిదు. ఖాళీ గడిని మీ ప్రోగ్రాం ఏం చేస్తుందండీ అని అడగండి. చెప్పేవారు వెంటనే "మంచి ప్రశ్న" అని కుర్చీ ముందుకు జరుపుకుంటే ఫీజు కట్టండి. "అవన్నీ తరువాత చూద్దాం" అంటే లేచి వచ్చెయ్యండి.

ఇప్పుడు ప్రోగ్రాం కూడా కృత్రిమ మేధ రాసిపెడుతోంది. మీటలు నొక్కడం నేర్పే చదువుకు ఇకమీదట విలువ తగ్గుతుంది. కానీ ఈ అంకె ఎక్కడ పుట్టింది, ఎవరు తూచారు, ఈ ఖాళీ "పంట లేదు" అనా, "ఎవరూ చూడలేదు" అనా అని అడిగే మనిషి కావాలి. ఆ అడగడం మనకు తెలుసు. ముప్ఫై ఏళ్ళు స్క్రూటినీ చేసినవాళ్ళం, వోచరు లేకుండా బిల్లు పాస్ చెయ్యనివాళ్ళం. మనకు కంప్యూటరు రాదని పిల్లల ముందు చిన్నబోవద్దు. వాళ్ళు లెక్క కట్టి చూపించినప్పుడు, "అసలు కాగితం ఏదమ్మా?" అని అడగండి. మీరు చేసిన తప్పులు కూడా వాళ్ళకు చెప్పండి. నేను ఆలస్యంగా చెప్పాను, మీరు ఆలస్యం చెయ్యకండి.

ఆ మండలం ఉద్యోగి ఇప్పుడు లేడు. రిటైరైన కొద్దికాలానికే పోయాడు. ఆ రోజు అతను అడిగిన ఒక్క ప్రశ్నవల్ల ఎన్ని ఇళ్ళకు వెయ్యేసి రూపాయలు చేరాయో అతనికీ తెలియదు, నాకూ లెక్క లేదు. ఈ నాలుగు మాటలూ అతని పేరున చెప్పినట్టు భావించండి.